అమ్మవారు రేవుకు వెళ్లిన రోజు

మొగల్తూరు దాటాక మా పేటకు వచ్చే రోడ్డు మీద మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చారని తెలిసిన రోజు నా కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తాగుడుతో వాడి కాలేయం అప్పటికే పాడైంది. మళ్లీ ముట్టుకుంటే బతకడని నరసాపురం డాక్టరు చెప్పాడు.

"దూరంగా ఉంటే మానగలనమ్మా. రోజూ రేవుకెళ్లే దారిలో పెడితే నా వల్ల కాదు" అన్నాడు.

గుడి దగ్గర మద్యం అమ్మకూడదని చట్టం. ఆ దుకాణం పక్కనే మా అమ్మవారి గుడి, రేకుల కప్పుది. ఆడవాళ్లమంతా కోర్టుకు వెళ్లాం. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. గుడి ఉందో లేదో చూసి చెప్పమని కోర్టు ఒక అధికారిని పంపింది.

ఆయన వచ్చేసరికి సముద్రంలో చేపల వేట మీద నిషేధం అప్పుడే ముగిసింది. మా గుడిలో విగ్రహం ఉండదు, ఘటమే అమ్మవారు. పడవలు మళ్లీ వేటకెళ్లే మొదటి రోజు ఆ ఘటాన్ని రేవుకు తీసుకెళ్లి, పడవలు తిరిగొచ్చేదాకా అక్కడే ఉంచుతాం. గుడిలో ఉత్త అరుగే మిగులుతుంది. దీపం కూడా పెట్టం.

"అమ్మవారేరమ్మా?" అన్నాడాయన.

"రేవుకెళ్లిందండి. రేపొచ్చేస్తుంది" అన్నాను.

వెంట వచ్చిన దుకాణం యజమాని నవ్వాడు. "అమ్మవారు కూడా వేటకెళ్తారా ఏంటి? వలేస్తారా?"

"వేస్తుందండి. తమలాంటి పీతలు పడితే దులిపి పారేస్తుంది" అంది మా తోడికోడలు.

"రేపు మళ్లీ రావడం నాకు కుదరదు. అమ్మవారిని ఇక్కడికి తెప్పించండమ్మా, చూసి రాసుకుంటాను" అన్నాడు అధికారి.

పడవలు సముద్రం మీద ఉండగా ఘటం కదిలిస్తే వెళ్లినవాళ్లు తిరిగి రారని మా భయం. నా కొడుకూ ఆ పడవల్లోనే ఉన్నాడు. తెమ్మని నా నోటితో ఎలా అనను?

"మీరే రేవుకు రండి బాబూ, చూద్దురుగాని" అన్నాను.

"నన్ను చూడమన్నది గుడిని, రేవుని కాదండి" అని ఆయన వెళ్లిపోయాడు.

విగ్రహం లేదు, పూజలు జరుగుతున్న ఆనవాళ్లు లేవు అని రాసిచ్చాడు. మా లాయరు గుడిలో పూజల ఫోటోలు చూపించినా, ప్రభుత్వ రికార్డులో లేని గుడి అంది కోర్టు. లైసెన్సు చెల్లుతుందని తీర్పు వచ్చింది.

దుకాణం తెరిచాక నా కొడుకు చేలగట్ల మీద చుట్టూ తిరిగి రేవుకు వెళ్లేవాడు. వర్షాలకు గట్లు మునిగాయి. ఆ పొద్దున వాడి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే దుకాణం దాటించాను. సాయంత్రం వాడు పడవ దిగే వేళకు నేను సంతలో చేపల బేరంలో ఉండిపోయాను, రేవుకు చేరలేకపోయాను. ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే మందు వాసన తెలిసింది.