డిపోలో బెల్లం నిషేధం

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. బస్తర్ ఇంకా సంస్థానమే. శబరి ఒడ్డున ఒక చిన్న దవాఖానాలో నేను కంపౌండరును. డాక్టరు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో కట్టు కట్టినా, మందు కలిపినా, తిట్లు తిన్నా నేనే. ఆ ఉద్యోగంలో నాకు కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఈ ఒక్కరోజు కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

దవాఖానాకు అర మైలు దూరంలో ఒక కాంట్రాక్టరు కలప డిపో ఉండేది. టేకు దుంగల్ని అక్కడ కొలిచి, తెప్పలుగా కట్టి, నదిలో నీళ్ళు తగ్గకముందే కిందికి వదిలేవారు. కొలతల గుమాస్తా వెంకటస్వామిది మరైగూడ. ఇరవై రెండేళ్ళుంటాయి. అతనిది చిన్నవయసులోనే పట్టుకునే చక్కెర జబ్బు. ఒంట్లో ఇన్సులిన్ ఊరదు, సూదితో ఎక్కించాల్సిందే. ఆ మందు బుడ్డి రాజమండ్రి నుంచి లాంచీలో కొంత దూరం, బండి మీద కొంత దూరం వచ్చేది. దాన్ని తడి ఇసుక కుండలో పెట్టి పసిబిడ్డలా కాచుకునేవాణ్ణి. రోజూ పొద్దున్నే వచ్చి సూది వేయించుకొని అతను పనికి పోయేవాడు.

ఈ మందుతో ఒక చిక్కుంది. సూది పడ్డాక వేళకు తిండి పడకపోతే రక్తంలో చక్కెర అడుగంటుతుంది. దాన్ని హైపోగ్లైసీమియా అంటారు. ముందు చెమటలు, వణుకు, తిక్కమాటలు, ఆ తర్వాత స్పృహ తప్పడం. వెంటనే నోట్లో తీపి పడకపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే జేబులో బెల్లంముక్క లేకుండా గడప దాటొద్దని అతనికి గట్టిగా చెప్పాను.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, డిపోలో దుంగల చాటున ఎవరో సారా కాచబోయి దొరికిపోయారు. ఇప్పపువ్వూ బెల్లమూ పులియబెట్టిన కుండ బయటపడింది. ఇప్పపువ్వు కూలీల తిండి, దాన్ని ఆపితే ఒక్కరూ పనికి రారు. అందుకని డిపో మేనేజరు బెల్లం మీద పడ్డాడు. గేటు దగ్గర జేబులు తడిమి, ముక్క దొరికితే చౌకీదారు పెట్టెలో వేయించేవాడు. వెంకటస్వామి తన ముక్క కోసం బతిమాలితే, “చక్కెర జబ్బోనికి బెల్లమేందిరా?” అని నవ్వాడట. ఈ సంగతి వెంకటస్వామి నాతో అనలేదు. అని ఉంటే ఆరోజే తేల్చుకునేవాణ్ణి.

మర్నాడు నీళ్ళు తగ్గుతున్నాయి, తెప్ప కదలాలి. కొలతలు అయ్యేదాకా సద్ది మూట విప్పడానికి వీల్లేదన్నాడు మేనేజరు. పదకొండు గంటలకు దుంగలు మోసే ముత్తమ్మ రొప్పుతూ దవాఖానాకొచ్చింది.

“బాబూ, స్వామికి ఏందో అయింది. తాగిండని మేనేజరు కొట్టి గేటుకాడ పడేయించిండు.”

పరుగెత్తాను. వెంకటస్వామి మట్టిలో పడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, చెంప మీద వేళ్ళ అచ్చులు. నోరు వాసన చూశాను. సారా కాదు.

“చూడు కంపౌండర్ సాబ్,” అన్నాడు మేనేజరు. “నాలుగు గజాల దుంగను పద్నాలుగని రాసిండు. అడిగితే నన్నే తిట్టిండు. గీ తమాషా నా డిపోల నడవదు.”

నేను చౌకీదారును బెల్లం అడిగాను. “సాబు హుకుం కావాలె,” అన్నాడు వాడు. పెట్టెను కాలితో ఒక్క తన్ను తన్నాను. బెల్లం నీళ్ళలో చిదిపి, వెంకటస్వామిని పక్కకు పడుకోబెట్టి, బుగ్గ లోపల కొంచెం కొంచెంగా రాశాను.

“చస్తే పూచీ నీదే,” అన్నాడు మేనేజరు.

“చస్తే నువ్వు చంపినట్టు. నోర్మూసుకొని పక్కకు నిలబడు,” అన్నాను. నాకంటే పెద్దవాడితో అలా మాట్లాడటం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే చివర.

పావుగంటకు వెంకటస్వామి కళ్ళు తెరిచాడు. “తెప్ప పోయిందా?” అని అడిగాడు. అప్పుడు పొంగింది నాకు కోపం. చుట్టూ మూగిన కూలీల మీద అరిచాను.

“ఇంతమంది ఉన్నారు. వీడి నోట్లో కాస్త తీపి పెట్టాలని ఒక్కరికీ తోచలేదా?”

ముత్తమ్మ కొంగు విప్పి చూపించింది. అందులో ఉడికించిన ఇప్పపువ్వు, తేనెలా తియ్యగా ఉంటుంది.

“పెడదామనే చెయ్యి చాపిన బాబూ. స్వామికి తీపి విషం, ఎవలూ పెట్టొద్దని నువ్వే చెప్తివి గదా. నువ్వు చెప్పినంక నేనెట్ల పెడ్త?”

నిజమే. జబ్బు బయటపడ్డ కొత్తలో, వాళ్ళు అతనికి ప్రేమగా ఇప్పపువ్వు పెడుతుంటే చూసి, నేనే డిపోకు పోయి వేలు చూపించి మరీ చెప్పాను. సూదులు మొదలయ్యాక మిగతా సగం అతనికొక్కడికే చెప్పి చేతులు దులుపుకున్నాను. ఆమె నా మాట దాటకూడదనే మందు కొంగులో పెట్టుకొని మందు కోసం అర మైలు పరుగెత్తింది. మేనేజరు నవ్విందీ ఆ సగం చదువుతోనే. అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు, కానీ ఆ రోజు నుంచి నా కోపంలో పెద్ద వాటా నా మీదే.

కొలతలు తెలిసినవాడు మరొకడు లేక వెంకటస్వామి ఉద్యోగం నిలిచింది. జబ్బు మనిషికి చెబితే చాలదు, పక్కన దుంగ మోసేవాళ్ళకూ పూర్తిగా చెప్పాలని నాకు తెలిసింది ఆ గేటు దగ్గరే. కూలీలందర్నీ అక్కడే కూర్చోబెట్టి రెండో సగం చెప్పాను. అంతా విని ముత్తమ్మ అడిగింది.

“చెమటలు పడ్తే ముందు నిన్ను పిలవాల్నా, పెట్టాల్నా?”

“పెట్టు. నన్ను అడగొద్దు.”