గోల్‌పోస్టుకు నడుమ కర్ర

1971 ఎండాకాలం. గోదావరిఖనిలో కార్మికుల కాలనీ అంచున బొగ్గు కంపెనీ ఫుట్‌బాల్ స్టేడియం, దాన్ని ఆనుకుని ప్రాక్టీసు గ్రౌండు కట్టిస్తోంది. నేను అక్కడ సివిల్ ఓవర్సీర్‌ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. "ఆదివారం ప్రాక్టీసు గ్రౌండులో శ్రీరాంపూర్ జట్టుతో మొదటి మ్యాచు. గ్రౌండు సరిగ్గా లేకపోతే నీ కాగితం మీద సంతకం పెట్టను" అని మేనేజరు తేల్చి చెప్పాడు.

హైదరాబాదు నుంచి రావలసిన ఇనుప గోల్‌పోస్టులు రానే లేదు. గనిలో పైకప్పు కూలకుండా ప్రాపులు, అంటే ఊత కర్రలు, నిలబెట్టే టింబర్‌మ్యాన్ రాజయ్యను పిలిచి కొలతలు చెప్పాను. ఎత్తు ఎనిమిది అడుగులు, వెడల్పు ఇరవై నాలుగు. పాపం, ఆయన ఫుట్‌బాల్ ఆట ఎన్నడూ చూసినవాడు కాదు. ఆదివారం పొద్దున వెళ్లి చూశాను. రెండు గోల్‌పోస్టులకూ నట్టనడుమ ఒక్కో ప్రాపు, పైన చెక్క బిగించి మరీ!

"గిదేంది కాకా? నడుమ గీ కర్రెందుకు?"

"ఇర్వై నాలుగు ఫీట్లు ఆసర లేకుంట ఇడ్సిపెడ్తరా సారూ? కింద మనిషి నిలబడ్తడు గద!"

"బంతి పోవాలె కాకా అండ్లకెల్లి."

"అటు సందున్నది, ఇటు సందున్నది. పోయే బంతి పోతది. మనిషి పోతే మల్లొస్తడా?"

బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి నా ఉద్యోగం సంగతి చెప్పుకున్నాను. గొణుక్కుంటూనే నడుమ కర్రలు తీశాడు. కానీ మ్యాచు అయ్యేదాకా మా గోల్‌కీపరు మల్లేశు పక్కనే కాపలా ఉంటానన్నాడు. మల్లేశు గనిలో ఆయన దగ్గర పనిచేసేవాడే.

సాయంత్రం జనం విరగబడి వచ్చారు. రెండు జట్లలోనూ గని కార్మికులే. ఆట చివరికొచ్చేసరికి చెరో గోల్. అప్పుడు శ్రీరాంపూర్ వాళ్లు తన్నిన బంతి మా గోల్‌పోస్టు పైనున్న అడ్డకర్రకు ఠపీమని తగిలింది. కర్ర కిర్రుమంది. గనిలో ఆ చప్పుడొస్తే కప్పు కూలబోతున్నట్టే లెక్క.

"ఉరుకుండ్రి!" రాజయ్య గావుకేక పెట్టాడు.

మల్లేశు ఒక్క దూకు దూకి పారిపోయాడు. సరే, మావాడు పారిపోయాడు. ఖాళీ గోల్‌లోకి బంతి తన్నాల్సిన శ్రీరాంపూర్ ఆటగాడికేమైంది? అతనూ వెనుదిరిగి పరుగో పరుగు! రెండు జట్లూ, రెఫరీతో సహా, గ్రౌండు మధ్యకు వచ్చి పడ్డాయి. గోల్ ముందు బంతి ఒక్కటే మిగిలింది. అడ్డకర్ర చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత చూడాలి నవ్వులు! మేనేజరు కూడా కుర్చీ వదిలి నాలుగడుగులు వెనక్కి దూకి ఉన్నాడు. "రేపు కాగితం పట్టుకురావయ్యా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

రాజయ్య మాత్రం తలెత్తలేదు. "మీ ఆటంత ఖరాబ్ చేస్తిని బిడ్డా" అన్నాడు.

మల్లేశు ఆయన భుజం చుట్టూ చెయ్యేశాడు. "గనిల నువ్వు ఉరుకుమంటే ఉరికినందుకే గద కాకా, నా పిల్లలకు నాయిన ఉన్నడు."

అప్పటిదాకా నవ్వుతున్నవాణ్ని, నాకు ఏడుపొచ్చేసింది. ఆ తర్వాత నా సర్వీసంతా ఎవరికి ఏ కొలత ఇచ్చినా, దాని కింద నిలబడే మనిషి ఎవరో ముందు చెప్పి, ఆ తర్వాతే అడుగుల లెక్క చెప్పాను.