బాగా పట్టిన రంగు

సికింద్రాబాద్‌లో కాప్రా బస్సు కోసం కూర్చున్నాను. నా వేళ్ల మీది ఊదా మరకలు చూసి, "మీది సుత రంగుల పనేనా మేడం?" అన్నాడు పక్కనున్నాయన. ఆయన వేళ్లు గోళ్ల దాకా నీలం. మోండా మార్కెట్ వెనక చీరలకు రంగులు వేస్తాడట. నోరు సరిగా తెరుచుకోక మాటలు పళ్ల సందులోంచి వస్తున్నాయి.

మాది ల్యాబు అని, నోటి కణాలకు రంగు వేసి చూస్తామని చెప్పాను. వెంటనే ఫోన్ తీసి, ఆసుపత్రిలో కంప్యూటర్ తెరను తీసుకున్న ఫోటో చూపించాడు. అందులో పోల్చి చూడటానికి పక్కపక్కనే పెట్టిన రెండు కణాలు.

"కుడి దిక్కుది నాది. రంగు ఎంత మంచిగ పట్టిందో చూడున్రి. పాడైన బట్టకు గిట్ల పట్టదు. ఎడమ దిక్కుది ఎవరిదో, పాపం, వెలిసిపోయింది. డాక్టర్ సోమవారం రమ్మన్నడు గని, దుకాణం బంద్ పెట్టి ఎందుకు పోవుడు?"

అది డీఎన్ఏకి పట్టే రంగు. మంచి కణంలో లేతగా ఉంటుంది. కాన్సర్ కణంలో డీఎన్ఏ హద్దు మీరి పెరుగుతుంది, రంగునూ అంతే తాగుతుంది. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. కానీ ఆయన వెళ్లనంటున్నాడు.

"మా పనిలో ముదురుగా ఉన్నదే జబ్బుది భాయ్. సోమవారం తప్పకుండా వెళ్లండి."

ఆయన ఫోటోలో కుడివైపు కణాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"ఎక్కువైన రంగును మేమైతే వేడినీళ్లల్ల ఏసి దింపుతం," అన్నాడు. "ఇది సుత దిగుతదా?"

వెళ్లండి అనే మళ్లీ అన్నాను. నీలం అరచేత్తో కుడి బుగ్గ మూసుకుని ఆయన లేచాడు.

స్లైడు చక్కగా వస్తే మా ల్యాబులో "రంగు బాగా పట్టింది" అంటారు. నేనిప్పుడు అనను.