మాట వినే యంత్రం, మా స్త్రీల సమాజం

ఇప్పుడు ఫోనుతో మాట్లాడే మనిషిని ఎవరూ వింతగా చూడరు. బస్సులో పక్క సీటు పెద్దాయన తన ఫోన్ను పేరు పెట్టి పిలిచి వాన వస్తుందా అని అడిగితే, అది ఏం చెబుతుందో అని మనమూ ఒక చెవి అటు వేసి కూర్చుంటాం, అంతే. నేను ఇంజినీరింగు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి వేరు. యంత్రం తెలుగు వింటుందంటే మా బళ్ళారిలో నమ్మేవాళ్లు తక్కువ. ఆ వింతను ఊరికి చూపించే భారం నా మీదే ఉందని నేను గట్టిగా అనుకునేదాన్ని. (ఆ భారం ఎవరూ నాకు అప్పగించలేదు. నేనే ఎత్తుకున్నాను.)

అప్పుడు నేను సిరుగుప్పలో ఒక రైసుమిల్లులో పనిచేసేదాన్ని. బియ్యంలో నల్లగింజల్ని కెమెరాతో కనిపెట్టి, గాలి కొట్టి బయటికి తోసే మిషనొకటి అక్కడ కొత్తగా పెట్టారు. దాన్ని చూసుకోవడం నా పని. పొద్దున బళ్ళారి నుంచి బస్సులో పోవడం, సాయంత్రం ఒంటి నిండా తవుడు వాసనతో తిరిగి రావడం. నెలకొక ఆదివారం మాత్రం నేను వేరే మనిషిని. ఆ రోజు గాంధీనగర్‌లో మా చర్చి వెనక హాల్లో ఊళ్లోని ఇంజినీర్లం కొందరం కూడేవాళ్లం. కొత్తగా వస్తున్న సాంకేతికత గురించి ఒకరు మాట్లాడాలి, తక్కినవాళ్లు వినాలి, ప్రశ్నలడగాలి, టీ తాగాలి. ఇదంతా మొదలుపెట్టినాయన స్టీలు ప్లాంటులో మీటర్లు, సెన్సర్లు చూసే సీనియర్ ఇంజినీరు. సొంత ప్రొజెక్టరు ఉన్న మనిషి ఆయనొక్కడే కాబట్టి అందరికీ ఆయన ప్రొజెక్టరన్న. దాన్ని స్కూటరు మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని, గుంత వచ్చిన చోటల్లా చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చేవాడు. ఆయనది ఒకటే పట్టుదల. "మన పిల్లోళ్లు కొత్త మాట ఒకటి ఇనాలంటే రైలెక్కి బెంగళూరు పోవాల్నా? ఈడనే చెప్పుకుందాం, ఈడనే ఇందాం" అనేవాడు.

ఆశ బాగానే ఉంది, చెప్పేవాళ్లే దొరికేవాళ్లు కాదు. బెంగళూరు నుంచి వస్తామన్నవాళ్లు శనివారం సాయంత్రం దాకా వస్తామనే అనేవారు, ఆ తర్వాత ఫోను ఎత్తేవారు కాదు. ఒకసారి రోబోల మీద ప్రసంగమని అందరినీ పిలిచి, ఆ వక్త రాకపోయేసరికి, ప్రొజెక్టరన్నే లేచి కొలిమిలో వేడి ఎలా కొలుస్తారో మధ్యాహ్నమంతా చెప్పాడు. (మంచి ప్రసంగమే. కానీ రోబో కోసం వచ్చిన కాలేజీ పిల్లలు మళ్లీ ఇటు తొంగి చూడలేదు.) కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. అంతలో చర్చి కమిటీ నుంచి కబురొచ్చింది. పాటలు ప్రాక్టీసు చేసుకోవడానికి క్వయర్ వాళ్లకు ఆదివారం మధ్యాహ్నాలు హాలు కావాలట. వచ్చే నెల పాస్టరు అయ్యగారు స్వయంగా వచ్చి చూస్తారట, మా సభకు జనం ఉంటే సరే, లేకపోతే హాలు పాటలకిచ్చేస్తారట. అది విని ప్రొజెక్టరన్న ప్రొజెక్టరు ఆర్పేశాడు. వైర్లు చుట్టుకుంటూ, "సాకమ్మా, చేసినంత చేసినాం" అన్నాడు. (సాకు అంటే కన్నడంలో చాలు. మనసు బరువెక్కినప్పుడు మా ఊళ్లో ఏ భాష ముందు అందితే ఆ భాష మాట్లాడతాం.) ఆ గొంతు వినలేక, వచ్చే నెల నేను మాట్లాడతానని అనేశాను.

నా విషయం మాట వినే యంత్రం. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టిన ప్రోగ్రాం ఒకటి తెచ్చి ల్యాప్‌టాప్‌లో వేసి, దానికి మా ఇంటి టేబులు ల్యాంపునూ టేబులు ఫ్యానునూ తగిలించాను. "దీపం వెలిగించు" అంటే ల్యాంపు వెలగాలి, "గాలి వీచు" అంటే ఫ్యాను తిరగాలి. యంత్రానికి ఏం వినిపించిందో అది తెరమీద అక్షరాల్లో కనబడుతుంది. ఆ ప్రోగ్రాం తెలుగు నేర్చుకున్నది వార్తలు చదివేవాళ్ల దగ్గర, పుస్తకాలు పైకి చదివేవాళ్ల దగ్గర. అందుకే మా ఇంట్లో ఎవరూ అనని ఆ మాటలు పెట్టాను. తర్వాత ఎందుకైనా మంచిదని "లైటు వేయి", "ఫ్యాను వేయి" కూడా చేర్చాను. గది తలుపేసుకుని వార్తలమ్మాయిలా పలికితే అది బుద్ధిగా విన్నది. ప్రసంగాన్ని బస్సులో కళ్లు మూసుకుని గొణుగుతూ బట్టీ పట్టాను. ("మానవ స్వరమును గ్రహించు యంత్రములు" దగ్గర ఉండగా, పక్కనున్నామె నాకు తల తిరుగుతున్నదనుకుని ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టింది.)

ఇక జనం కావాలి. దానికి పెద్దమ్మ దగ్గరికి పోయాను. మా అమ్మకు అక్క, మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద, క్వయర్‌లో ముందు వరుస మనిషి. అంటే హాలు కావాలని అడిగినవాళ్లలో మొదటి పేరు ఆమెదే. అది తెలిసే పోయాను. పెద్దమ్మ నేను చెప్పిందంతా విని, "హాలు మాకు కావాల్సిందే పాపా. అట్లని నువ్వు మాట్లాడుతాంటే కుర్చీలు ఖాళీగా ఉంటే నేను చూడలేను. పిల్చుకొస్తాలే" అంది.

పిల్చుకొచ్చింది. ఆ ఆదివారం స్త్రీల సమాజమంతా ఆరాధనకు కట్టుకున్న చీరల్లోనే వచ్చి ముందు వరుసలన్నీ నింపేసింది. వెనక మా ఇంజినీర్లు. మంచి ఎండాకాలం. పైఫ్యాన్ల చప్పుడు మైకుకు పడదని వాటిని నేనే ఆర్పించాను. కాబట్టి ఆ హాల్లో గాలి ఆడాలంటే నా యంత్రం పనిచేయడం ఒక్కటే దారి. నేను బట్టీ పట్టిన ప్రసంగం అప్పజెప్పి, ఇకమీదట మన మాటే మన చేతి కింద మనిషి అని చెప్పి, ఠీవిగా మైకు వైపు వంగి "దీపం వెలిగించు" అన్నాను. భయంతో గొంతు వణికింది. తెరమీద "దీపా వెళ్లి ఇంచు" అని వచ్చింది. దీపం వెలగలేదు. మళ్లీ అన్నాను. ఈసారి "దీపా వెళ్లింది" అని వచ్చింది. వెనక ఎవరో దగ్గారు.

కొత్త గొంతైతే వింటుందేమో అని పెద్దమ్మను పిలిచాను. గాలి వీచు అనమంటే ఆమె ఒప్పుకోలేదు, ఇంట్లో ఎవరైనా ఫ్యానుతో అట్లా మాట్లాడతారా అని నన్నే అడిగింది. చెంగుతో మెడ తుడుచుకుని, తన ఇంట్లో అడిగినట్టే యంత్రాన్ని అడిగింది: "ఫ్యాను ఏస్తావా?" తెరమీద పెద్ద అక్షరాల్లో "ఫణి యేసు తావా" అని వచ్చింది. పెద్దమ్మ అద్దాలు సర్దుకుని అంతా చదివి, "ఫణి ఎవరమ్మా?" అంది. నన్ను ఆదుకుందామని ప్రొజెక్టరన్న లేచి, "లైటు ఏసేయప్పా" అన్నాడు. "లేటు చేసేవప్పా" అని చూపింది యంత్రం. దారిలో స్కూటరు పంచరై నిజంగానే ఆలస్యంగా వచ్చిన ఆ మహానుభావుడు, "హౌదమ్మా, కొంచెం లేటయింది" అని సభకు క్షమాపణ చెప్పుకున్నాడు. టీ తెచ్చిన భాయ్ కూడా ఊరుకోలేదు, మైకు దగ్గరికొచ్చి ఫ్యాను వేయమని ఉర్దూలో "పంకా చాలూ కరో" అన్నాడు. "పంకజా చాలు కర్రీ" అని వచ్చింది. ఆ తర్వాత హాలు నా చేతిలో లేదు. స్త్రీల సమాజం ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతోంది. నేను ల్యాప్‌టాప్ మీదికి వంగి, మైకు పక్కనే ఉందని మరిచి, "ఏందప్పా నీకు, ఇనపడల్యా?" అన్నాను. దానికీ తెరమీద ఏదో వచ్చింది. నేను చదవలేదు.

అయ్యగారు ఎప్పుడొచ్చారో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. జనాన్ని చూస్తున్నారో, నన్ను చూస్తున్నారో తెలియలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. హాలు పోయినట్టే, ప్రొజెక్టరన్న ఇన్నేళ్ల కష్టమూ నా వల్లే పోయినట్టే అనుకున్నాను. ఆ హాల్లో ఏ సభ అయినా ప్రార్థనతో ముగియాలని నియమం. అయ్యగారు ముందుకొచ్చి, నా మైకు ముందే నిలబడ్డారు. అందరం లేచి కళ్లు మూసుకున్నాం. వేరే మతమైనా మర్యాదకు ప్రొజెక్టరన్నా మూసుకున్నాడు. అయ్యగారు ప్రార్థనకు దిగితే పాత పుస్తకం తెరిచినట్టే ఉంటుంది, మాట మాటా స్పష్టంగా, నిదానంగా. "ఈ యౌవనస్థుల హృదయములలో నీ జ్ఞానదీపము వెలిగించుము" అన్నారు. టప్పుమని చిన్న చప్పుడైంది. నేను ఒక కన్ను తెరిచాను. ల్యాంపు వెలుగుతోంది. "అలసియున్న మా అందరిమీద నీ చల్లని గాలి వీచనిమ్ము" అన్నారు. ఫ్యాను గిర్రున తిరిగి ముందు వరుస ముఖాల మీదికి గాలి కొట్టింది. చెమటతో తడిసి కళ్లు మూసుకుని ఉన్న స్త్రీల సమాజం ప్రార్థన ముగియకముందే ఒక్క గొంతుతో "ఆమెన్" అనేసింది.

అయ్యగారు కళ్లు తెరిచి ల్యాంపును చూశారు, ఫ్యానును చూశారు. "ఇంత బేగ జవాబు నాకెప్పుడూ రాలేదమ్మా" అన్నారు. హాలంతా నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. నవ్వుతూనే నేను సంగతి చెప్పాను, బట్టీ పట్టిన మాటల్లో కాదు, నోటికొచ్చినట్టు. ఇది మనలాగా మాట్లాడేవాళ్లను ఎప్పుడూ వినలేదు, ఎవరూ దీనికి మన మాట చెప్పలేదు, అందుకే అయ్యగారి ప్రార్థన తెలిసింది, మనది తెలియలేదు అన్నాను. బహుశా ఆ రోజు నేను ఇచ్చిన అసలు ప్రసంగం అదే. పెద్దమ్మ ఫ్యాను గాలికి ముఖం పెట్టి విని, "అంటే మేం చెప్తే నేర్చుకుంటాదా?" అంది. నేర్చుకుంటుంది, కానీ చాలామంది చాలాసార్లు చెప్పాలి అన్నాను. "మాకు చెప్పేదానికేం తక్కువ? ముందు మేం పాడుకుంటాం, తర్వాత మీ సభ. పాడినాక గొంతు కూడా బాగుంటాది" అంది. కమిటీ కూర్చోవలసిన పని లేకుండా హాలు సంగతి అక్కడే తేలిపోయింది. అయ్యగారు తల ఊపారు.

తర్వాతి నెల నుంచి పాటలు ఆగగానే హాల్లో మూలమూలకూ ఒక ఇంజినీరు ఫోను పట్టుకుని కూర్చునేవాడు. స్త్రీల సమాజం, టీ భాయ్, వినోదం చూద్దామని మళ్లీ వచ్చిన కాలేజీ పిల్లలు, అందరూ వరసగా వచ్చి మాటలు చెప్పేవాళ్లు. ఫ్యాను గురించి చెప్పమంటే తోడికోడలు గురించి మొదలుపెట్టి ముగించనివాళ్లూ ఉన్నారు. (అదీ రికార్డు చేసుకున్నాం. యంత్రానికి లోకజ్ఞానం కూడా అవసరమే.) అంత బోధన జరిగాక మా యంత్రం మరీ మెత్తబడిపోయింది. ఎవరు తుమ్మినా ల్యాంపు వెలిగేది. క్వయర్ పై స్థాయి అందుకుంటే ఫ్యాను తిరిగేది. దాన్ని దారిలో పెట్టడానికి వానాకాలమంతా పట్టింది. చివరికి ఒక ఆదివారం పెద్దమ్మ మైకు దగ్గరికి వచ్చి, తనకు అలవాటైన మాటే, "ఫ్యాను ఏస్తావా" అంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఫ్యాను తిరిగింది. పెద్దమ్మ యంత్రం వైపు చూసి, "సంతోషమప్పా" అంది. ప్రొజెక్టరన్న అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటూ, "ఇంక బెంగళూరోళ్లను పిలుద్దామ్మా. వచ్చి ఇనిపోతారు" అన్నాడు.

పిలిచాం, కొందరు నిజంగానే వచ్చారు. ఆ సభ ఇప్పటికీ నడుస్తోంది. అందులో కాలేజీ అమ్మాయిలు చెప్పేవి సగం నాకు అర్థం కావు, అయినా పోయి కూర్చుంటాను. రైసుమిల్లు వదిలి నేను ఈ మాటల పనిలోనే స్థిరపడ్డాను. మొన్న ఆ చర్చి హాల్లోనే నాకు చిన్న సన్మానం చేసి, మాట వినే యంత్రాల్లో నిపుణురాలని పరిచయం చేశారు. ముందు వరుసలో పెద్దమ్మ పక్కనామె వైపు వంగి, గుసగుసగా చెబుతున్నాననుకుని హాలంతటికీ వినపడేలా, "మొదట్లో ఇది చెప్తే దీని మిషనే ఇనలేదు" అంది. సభ గొల్లుమంది. వణికే గొంతుతో, వార్తలమ్మాయి తెలుగుతో అక్కడే నిలబడిన ఆ పిల్ల నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. ఏదో అనబోయి, నవ్వొచ్చి ఆగిపోయాను. నవ్వు తగ్గాక మైకు దగ్గరికి జరుపుకుని, పెద్దమ్మ ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టే మొదలుపెట్టాను.