నాయనమ్మ ఆముదం సీసా

మొన్న విశాఖపట్నంలో దూరపు బంధువుల గృహప్రవేశానికి వెళ్తే, హాల్లో అద్దాల బీరువా, దాన్లో లైటు, ఆ లైటు కింద ఒక పాత గాజుసీసా కనబడ్డాయి. దీని మీద పేరూ ఊరూ ఏమీ లేవు కాబట్టే ఇంత విలువ అని ఇంటాయన వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే, వాళ్లు అబ్బో అని తలలూపుతుంటే, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పాత సీసాల మోజంటే నాకెందుకంత రోతో చెప్పాలంటే, అడవుల నడుమ ఇనప గనుల ఊరైన కిరండుల్ రైల్వే క్వార్టర్ల దాకా వెళ్లాలి.

గనుల పని జోరుగా సాగుతున్న కాలం అది. నాన్న రైల్వేలో ఉండేవారు, నేను చదువు ముగించి అక్కడి బడిలోనే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. ఉతికి ఆరేసిన తెల్లబట్ట గని దుమ్ముకు సాయంత్రానికి ఎర్రబడేది, అయినా ఆ ఊరంటే నాకు ప్రాణం. మా నాయనమ్మ భీమిలి నుంచి కాపురానికి తెచ్చుకున్న ఆకుపచ్చ ఆముదం సీసా ఒకటి మా వంటింటి అలమర్లో ఉండేది. కాలనీలో ఎవరింట పురుడొచ్చినా, హిందువులైనా క్రైస్తవులైనా, బిడ్డకు తొలి నూనె ఆ సీసాలోంచే పోయాలని అదొక ఆచారమైపోయింది. ఆవిడే స్వయంగా పట్టుకెళ్లి అరచేతిలో వంపుకుని రాసేది గాని, సీసాను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

మా మేనత్త మొగుడు, అంటే మావయ్య, పక్కూరు బచేలిలో గని ఉద్యోగి. ఆయనకు ఎక్కడ అంటుకుందో గాని సీసాల పిచ్చి అంటుకుంది. మా ఇంటికి భోజనానికొస్తే విస్తరి ముందు కూడా అదే పాఠం. సీసా పక్కన అచ్చు అతుకు గీత మూతి దాకా పాకిందంటే మిషను మీద పోసిన కొత్త సరుకట, గీతే లేకుండా లోపల బుడగలుండి, అడుగున బొడ్డులాగా గరుకు మచ్చ ఉంటే నోటితో ఊది, అడుగున పట్టిన ఇనపకమ్మీ నుంచి విరిచిన అసలైన పాతదట. వేలికి ఉమ్ము తడి చేసుకుని అడుగు రుద్ది మరీ చూపించేవాడు, అదే వేలితో పప్పు కలుపుకునేవాడు. ఒకసారి అత్తతోపాటు నన్నూ ఆ అడవుల్లోనే ఉన్న బీజాపూర్ సంతకు జీపులో తీసుకెళ్లాడు. ఇప్పనూనె అమ్ముకునే ఒక దోర్ల తెగ ఆవిడ దగ్గర సీసా బేరమాడి, డబ్బులు చేతిలో పెట్టీ పెట్టకముందే నూనెంతా మట్టిలో పారబోశాడు. ఏంది సారూ, తినే నూనె గట్ల పోస్తరా అని ఆమె అంటే, నీ డబ్బులు నీకు ముట్టాయిగా అన్నాడు. నాకు అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అలాంటి మనిషి కన్ను మా అలమర మీద పడక మానుతుందా? మా అన్నయ్య భార్యకు, అంటే వదినకు, నెలలు నిండి ఉన్నాయి, నాయనమ్మకు తొలి మునిమనవడో మునిమనవరాలో రాబోతోంది. సరిగ్గా అప్పుడే, ఒకసారి పరిశీలించి ఇస్తానత్తయ్యా అని సీసా అడిగాడు. అల్లుడి ఎదుటికి కూడా రాని ఆ రోజుల్లో అత్తగారు కాదనగలదా! నూనె చెంబులోకి వంపి, తలుపు చాటు నుంచే ఇచ్చేసింది.

వదినకు ఆడపిల్ల పుట్టింది. స్నానం రోజు పొద్దున్నే మావయ్య తెచ్చిచ్చిన సీసాను నేను నూనె పోయడానికి అందుకున్నాను. రంగు అదే, పైన ధూళి కూడా పూసి ఉంది, కానీ అడుగు నున్నగా ఉంది, గీత మూతి దాకా ఉంది. ఆయన పాఠం ఆయనకే అప్పజెబుదామని నేను నోరు తెరిచేలోగా నాయనమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇదేనండి బాబూ, మనదే, అని తలుపు చాటు నుంచి చెప్పింది. అసలుది అప్పటికే జగదల్‌పూర్ వ్యాపారి చేతికి చేరిపోయిందని తర్వాత తెలిసింది. ఆయన మాత్రం ఆ పూట పాయసం మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఆ చప్పరింత తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం. పిల్లకు నూనె చెంబులోంచే రాసింది నాయనమ్మ. సీసా పోతే పోయింది, అక్కడ బతకాల్సింది మీ అత్త కదే, అంది నాతో.

ఇప్పటి పిల్లలు అలా లేరు. మొన్నామధ్య మా మనవరాలు, తన మొగుడు ఆడిన అబద్ధాన్ని పదిమందిలో అడిగేస్తే పెద్దవాళ్లంతా నొచ్చుకున్నారు, నేను మాత్రం దాని కంచంలో ఇంకో లడ్డూ వేశాను. మర్యాద పోయిందని మన వయసువాళ్లు వాపోతుంటే నాకు నవ్వొస్తుంది, ఆ మర్యాదను నేను దగ్గర్నుంచి చూశాను. మా అత్తకు ఆ సంగతి చివరిదాకా తెలియదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా, నా పిల్లలకు రాసిన సీసా ఏదమ్మా, ఒక్కసారి చూపించవూ అని అడిగేది. నాయనమ్మ లేచి వెళ్లి, ఆ దొంగ సీసానే కొంగుతో తుడిచి తెచ్చి, కూతురి చేతిలో పెట్టేది.