ఒక్క గడపా తొక్కకుండా బెలుం దాకా

మా అత్తగారి వైపు వాళ్లకు భూమ్మీద ఏ ఊరికి పోవాలన్నా ఆళ్లగడ్డ మీదుగానే దారి. నంద్యాల నుంచి వెలుగోడు రిజర్వాయరు చూడ్డానికి బయలుదేరినా, అది ఒక దిక్కు, ఆళ్లగడ్డ ఇంకో దిక్కు అని తెలిసి కూడా, "ఒకడుగు ఆళ్లగడ్డలో పెట్టి పోదాం" అంటారు. అక్కడ మా వదిన ఉంటుంది, మా ఆయనకు అక్క. ఊళ్లోకి వచ్చి ఆమె ఇంట్లోకి పోలేదంటే ఆ మాట పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ పదేళ్లు వినాలి.

పోయామా, ఇక అంతే. ముందు మంచినీళ్లు, ఆపైన కాఫీ, ఆపైన ఉగ్గాని, బజ్జి. అది తిని చెయ్యి కడుక్కునేలోపు వంటింట్లో మధ్యాహ్నానికి వంకాయలు తరుగుతుంటారు. చివరికి అందరం లేచి నిలబడి ప్రయాణం కోసం ప్రార్థన. మాది క్రైస్తవ కుటుంబం, ప్రార్థన లేకుండా గడప దాటేది లేదు, దాటాలని నాకూ లేదు. కానీ మా వదిన ప్రార్థనలో మా ప్రయాణం వంతు వచ్చేసరికి చెనిక్కాయ పంట, పక్కింటామె మోకాలు, అల్లుడి ఉద్యోగం అన్నీ అయిపోవాలి. ఆమెన్ అని కళ్లు తెరిస్తే ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది.

పోయినేడు వేసవిలో, బడికి ఇంకా సెలవులు ఇవ్వకముందు, ఇదే జరిగింది. మా పాపకు అప్పుడు ఏడేళ్లు. బెలుం గుహలకు తీసుకుపోతానని నేనే చెప్పాను. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని, ఊరికే ఉంటానా, నేల కింద సొరంగాలుంటాయనీ, అన్నిటికంటే లోతున నీళ్లు పారుతుంటాయనీ వారం రోజులు ఊరించాను. పాప తన తరగతిలో అందరికీ చెప్పుకుంది. ఆ రోజు ఆళ్లగడ్డ వదిన ఇల్లు, అక్కడి నుంచి కోయిలకుంట్లలో చిన్నమామ ఇల్లు. ఈ చిన్నమామ మా మామగారి తమ్ముడు, ఆయనకూ ఒక గడప ఉంది, ఆయనకూ ఒక పొయ్యి ఉంది. మేం బెలుం చేరేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. జనం బయటికి వస్తున్నారు. పాప గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది.

సోమవారం బడిలో టీచరు లేపి, ఏం చూశావో చెప్పమన్నారంట. చెప్పడానికి ఏముంది. "అబద్ధాలు చెప్తాది" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఇంటికొచ్చి సంచి మూలన పెట్టి నాతో ఒకటే మాట అంది.

"నువ్వు చెప్పినేటివి నేను ఇంక ఎవురికీ చెప్పను."

నా కోపం ముక్కు మీద ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం మూలనున్న ఆ సంచి తీసి మేకుకు తగిలించి వచ్చాను. బిడ్డ కొట్టినా తిట్టినా ఓర్చుకోవచ్చు, నా మాటను నమ్మదంటే నేనెందుకు ఉన్నట్టు. అది మొదలు ఏడాది పాటు నేనేం చెప్పినా "ఊఁ" అనేది. జాతర అన్నా ఊఁ, కొత్త చెప్పులన్నా ఊఁ.

ఈ వేసవిలో సెలవులకు ముందే పట్టు పట్టాను. బెలుం పోవాలి, ఒక్క గడపా తొక్కకుండా పోవాలి. ఆళ్లగడ్డ జోలికి పోకుండా నేరుగా కోయిలకుంట్ల దారి పట్టాలి. కాగితం మీద వేళలు రాసి వంటింటి తలుపుకు అంటించాను. ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి కారు కదలాలి, పాపకు కారులో తిప్పుతుంది కాబట్టి నిమ్మకాయ ఎవరి చేతిలో ఉండాలి, అన్నీ. మా ఆయనకూ అత్తకూ ఒక్కటే చెప్పాను, ఈ సంగతి చుట్టాల్లో ఎవరికీ తెలియకూడదని. పాప ఆ కాగితం వైపు తల తిప్పి కూడా చూడలేదు.

మా అత్త మాట తప్పే మనిషి కాదు. చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడికి చెప్పింది. ఆదివారం గుడిలో లేచి, శనివారం బెలుం పోతున్నాం, ప్రయాణం కోసం ప్రార్థన చేయండయ్యా అని అడిగింది. మా పాస్టరుగారు పొద్దున నంద్యాలలో ఆరాధన ముగించుకుని సాయంత్రం ఆళ్లగడ్డలో ఇంకో ఆరాధన నడుపుతారు. మంచి మనిషి, అడిగిన ప్రార్థన మరిచిపోరు. ఆళ్లగడ్డలో కూడా మైకులో మా రాకపోకలను కాపాడమని అడిగారు. ముందు వరసలో మా వదిన కూర్చుని ఉంది.

ఆరాధన ముగిసిందో లేదో ఫోను. "ఏమ్మా, బెలుం పోతాండారంట. పాస్టరుగారు చెప్తే తెలిసె నాకు. కానీలే. టిఫిను ఈడనే, పొద్దున్నే ఉగ్గాని చేసిపెడతా."

నేను ఫోను పెట్టి అత్త వైపు చూశాను. "దేవునికి చెప్పినా గానీ ఎవురికి చెప్పినా?" అంది ఆమె. మా ఆయన నసిగాడు, "ఒక్క అరగంటే కదా మే" అని.

"నీ అరగంట సంగతి నాకు తెల్దా అప్పా? పోయినేడు చూసినా కదా నీ అరగంట," అన్నాను నేను.

రెండు రోజులు ఉడికిపోయాను. పోకపోతే వదిన మాట పడాలి, పోతే పాపకు మళ్లీ ఆ గేటే. మూడో రోజు బడిలో నోట్సులు దిద్దుతుంటే తట్టింది. ఆమెకు కావలసింది మాకు పెట్టడం. ఆ పెట్టేది తన ఇంట్లోనే పెట్టాలని ఏ వాక్యంలో ఉంది? అక్కడి నుంచే ఫోను చేశాను.

"వదినా, టిఫిను నువ్వే పెట్టాల. కాకపోతే ఇంట్లో గాదు, బెలుం గేటు కాడ. తొమ్మిదిన్నరకంతా నువ్వు ఆడుండాల."

"నేనా? నేనేం చేయాల ఆడ?"

"మాతో లోపలికి రావాల. ఎప్పుడన్నా చూసినావా?"

"యాడ చూస్తి. యాభై ఏండ్లు దాటె. పక్కనే ఉందంటారు, వచ్చినోళ్లకు వండి పెట్టి పంపియ్యడమే గానీ నన్ను రమ్మన్నోళ్లు ఎవురుండారు?"

నా కోపమంతా ఆ ఒక్క మాటకు చల్లబడింది. సిగ్గేసింది కూడా. ఏడాది పాటు ఆమెను మనసులో ఎన్ని తిట్టానో ఆ దేవుడికే తెలుసు.

శనివారం కాగితంలో రాసినట్టే కారు కదిలింది. వెనక సీట్లో అత్త పక్కన, కిటికీ దగ్గర పాప ముఖం బిగించుకుని కూర్చుంది. కోయిలకుంట్ల ఇంకో మలుపు ఉందనగా రోడ్డు మధ్యలో ఒక మనిషి రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. చిన్నమామ. ఆయనకు నేను చెప్పలేదు, ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు, వదిన దగ్గర ఫోను ఉంది కదా. మా ఆయన బండి ఆపాడు. పాప కళ్లు మూసుకుంది. ఆ మూసుకోవడం చూశాక నాకు ఎక్కడ లేని తెగువ వచ్చింది.

"ఇంట్లోకి రాండమ్మా, ఐదంటే ఐదు నిమిషాలు. మీ చిన్నత్త కోడి కోపిచ్చింది," అన్నాడు చిన్నమామ.

నేను దిగి వెనక తలుపు తెరిచాను. "కోడి యాడికీ పోదు మామా. సాయంత్రం వచ్చేటప్పుడు తింటాం. ఇప్పుడు నువ్వు ఎక్కు."

"నేనా? లుంగీ మీద ఉండా కదమ్మా."

"గుహలో చీకటేలే మామా. నీ లుంగీని ఎవురు చూస్తారు?"

పెద్దమనిషి ఇటు చూశాడు, అటు చూశాడు, ఎక్కేశాడు. ఎక్కి, చిన్నత్తకు ఫోను చేసి, "కోడలు నన్ను ఎత్తకపోతాంది మే, కూర సాయంత్రానికి ఉంచు" అన్నాడు. వెనక సీట్లో కిసుక్కున నవ్వు వినబడింది. తిరిగి చూస్తే మా పాప. ఏడాదిగా కారెక్కితే నవ్వని పిల్ల.

గేటు ఇంకా తెరవలేదు. వేపచెట్టు కింద పెద్ద గిన్నె ముందర పెట్టుకుని మా వదిన పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. పెళ్లికి తప్ప ఆ చీర తీయదు. "యాడుండారు మే ఇంతసేపు? మీకంటే ముందే వచ్చినా నేను," అని గద్దించింది. ఆ గద్దింపు నాకు దీవెన లాగుంది. అక్కడే ఉగ్గాని తిన్నాం, అక్కడే నిలబడి ప్రార్థన చేశాం. వదినే చేసింది. గేటు తాళం తీసిన చప్పుడు వినగానే చెనిక్కాయ పంటను సగంలో వదిలేసి ఆమెన్ అంది. ఆ రోజు మొదటి టికెట్లు మావే.

గెలిచానని గట్టిగా అరవాలనిపించింది. పంతులమ్మను కదా, ఊరుకున్నాను.

మెట్లు దిగి లోపలికి పోతుంటే ఉక్క మొదలైంది. చిన్నమామ లుంగీ మడిచి కట్టి అందరికంటే హుషారుగా నడిచాడు. రాతిని తడితే ఒక్కోచోట ఒక్కో మోత వచ్చే గోడ దగ్గర పాప ఎంతసేపు తట్టిందో. ఇంకా లోపలికి పోయేకొద్దీ దారి సన్నబడింది, మెట్లు నిటారుగా కిందికి దిగాయి. అక్కడ మా వదిన ఆగిపోయింది. పట్టుచీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని గోడకు ఆనుకుంది.

"ఇంక నేను రాలేను. ఈ రాళ్ల కింద నీళ్లు యాడుంటాయి? ఉత్త మాట."

నేను నాలుగు మెట్లు కింద ఉన్నాను. పైకి తిరిగి ఏదో చెప్పబోయేలోపు మా పాప ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండాయత్తా. నువ్వు రా. మా అమ్మ చెప్పింది."

పాప కూడా ఇంకా ఆ నీళ్లు చూడలేదు.

నేను మళ్లీ ముందుకు తిరిగి మెట్లు దిగాను. ఆ ఉక్కకు అందరి ముఖాలూ తడిసే ఉన్నాయి కాబట్టి నా ముఖాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అడుగున ఆగి చెవి పెట్టి విన్నాం. నీళ్ల చప్పుడు ముందుగా పాపకే వినబడింది.