నాకంటే ముందు బయల్దేరిన సూట్‌కేసు

ఆ రోజుల్లో అనగానే ఎవరూ ఎడ్లబండ్ల కాలానికి వెళ్లిపోనక్కర్లేదు. చేతుల్లో ఫోన్లు ఇవే, ధర్మవరం స్టేషన్ బయట ఆటోవాళ్ల బేరాలు ఇవే, ఎండలు కూడా ఇంచుమించు ఇవే. మారిందల్లా నేనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. శనివారం సాయంత్రం రైలెక్కి ధర్మవరం చేరి, ఆదివారమంతా అవ్వ చేసిన ఉగ్గాని, బజ్జీలు తిని, సోమవారం తెల్లారగానే మళ్లీ హిందూపురం పోయేదాన్ని. నాకు తెలిసిన లోకం ఆ రెండు ఊర్ల మధ్య ఉన్న రైలు పట్టాలంత పొడుగే. అలాంటిదాన్ని వియత్నాం పోయి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెబుతానని అప్లికేషన్ పెట్టడమే విచిత్రమైతే, ఆ స్కూలువాళ్లు నన్ను ఇంటర్వ్యూకు పిలవడం ఇంకా విచిత్రం.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో, ఆదివారం, మా ఇంట్లోనే. నా కోసం నాయన మగ్గం ఆపేసి, దాని కింది గుంతలో నుంచి కాళ్లు కూడా బయటికి తియ్యకుండా ముప్పావుగంట కూర్చున్నాడు. మా వీధిలో మగ్గం చప్పుడు ఎవరికీ వినపడదు గానీ, అది ఆగితే మాత్రం వీధంతా వింటుంది. పనివేళ మా మగ్గం ఎందుకు ఆగిందో, లోపల ఎవరికి ఏమైందోనని ఎదురింటి మామ కంగారుగా లోపలికొచ్చి, నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి, అక్కడున్న తెల్ల చొక్కా ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆయన కూడా తిరిగి పెట్టాడు. (నాకు ఉద్యోగం రావడానికి నా ఇంగ్లీషు ఎంత కారణమో ఆ నమస్కారం అంత కారణమని మామ ఇప్పటికీ చెప్పుకుంటాడు.) వారం తిరక్కుండా ఆఫర్ లెటర్ వచ్చింది. దాని వెనకే కాగితాల జాబితా వచ్చింది. నేను చదువుకున్నానని యూనివర్సిటీ, పని చేశానని స్కూలు, ఒంట్లో బాగుందని డాక్టరు, బుద్ధిమంతురాలినని పోలీసులు, ఇలా నలుగురు రాసిస్తే తప్ప నేను నేనే అని వాళ్లు నమ్మరట. అన్నీ ఒకటో తారీఖు లోపల చేరాలి, లేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది. చేతిలో ఉన్నది ఐదు వారాలు.

స్కూల్లో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పి, మూడు కాగితాలకు తిరగడం మొదలుపెట్టి, పోలీసు కాగితానికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాను. ఈలోగా అవ్వ తన వైపు నుంచి పని మొదలుపెట్టింది. పంచాంగం చూపించుకుని వచ్చి, "గురువారం పొద్దున ఏడూ నలభైకి మంచి గడియ ఉండాది. అది దాటితే మళ్లా నెలన్నర దాకా ఏమీ లేదంట" అంది. కాగితాలు రాలేదు కదా అవ్వా, టిక్కెట్టు కూడా కొనలేదు కదా అన్నాను. "కాగితాలకేం, అవొచ్చినప్పుడు వస్తాయి. నువ్వు బయల్దేరు" అంది.

బయల్దేరడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రయాణానికి మంచి ముహూర్తం ఒకరోజు వచ్చి, అసలు ప్రయాణం ఇంకోరోజు పడితే, ఆ ముహూర్తానికి మన సామాను తీసుకుపోయి వేరేవాళ్లింట్లో పెట్టేస్తారు. దాన్నే ప్రస్థానం పెట్టడమంటారు. సామాను గడప దాటిందంటే మనిషీ దాటినట్టే లెక్క. ఆ గురువారం ఏడూ నలభైకి నా కొత్త సూట్‌కేసుకు పసుపూ కుంకుమా పెట్టి, వీధంతా నిలబడి, నన్నూ దాన్నీ ఆటో ఎక్కించారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎదురింటి మామ చెయ్యి ఊపాడు. ఆటో రెండు వీధులు తిరిగి మా పెద్దమ్మ ఇంటి ముందు ఆగింది. వియత్నాం వైపు నా మొదటి ప్రయాణం నాలుగు నిమిషాలు పట్టింది.

సామాను పెట్టేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. ఫోన్లో అవ్వ ససేమిరా అంది. "బయల్దేరినోళ్లు మళ్లా గడప తొక్కకూడదు. పోయి వచ్చినంకనే." సూట్‌కేసు పోతే చాలనుకున్నాను గానీ నేను కూడా పోవాలని నాకు తెలియదు. (తర్వాత చాలామంది పెద్దవాళ్లను అడిగాను. ఇంత గట్టి నియమం ఎవరూ వినలేదన్నారు.) పైగా ఇంకో షరతు కూడా ఉంది. ప్రస్థానం ఒకే చోట ఐదు రోజులకు మించి ఉండకూడదట, ముందుకు జరగాలే తప్ప వెనక్కి రాకూడదట. వీసాకే గడువుంటుందనుకునేదాన్ని, సూట్‌కేసుకు కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పెద్దమ్మ ఇంట్లో ఐదు రోజులు దొంగలా బతికాను. కూరగాయలకు బయటికొస్తే చాలు, "ఏమ్మా పాపా, నువ్వు పోల్యా?" అని అడిగేవాళ్లు. పోయాను, కానీ ఇక్కడే ఉన్నాను అని చెప్పడానికి నాకు వచ్చిన రెండు భాషల్లోనూ సరైన వాక్యం దొరకలేదు. ఆరో రోజు సూట్‌కేసుతో సహా రైలెక్కి పెనుకొండలో మేనత్త ఇంటికి చేరాను. అత్త సంతోషించింది గానీ, ఎన్ని రోజులుంటానో చెప్పలేని చుట్టాన్ని చూసి మామయ్య కొంచెం ఆలోచనలో పడ్డాడు. పొద్దున లేవడం, కొండ మీది కోట వైపు చూస్తూ కాఫీ తాగడం, ఫోన్లో పోలీసు కాగితం ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం, ఇదే పని. ఐదు రోజులూ ఒకటే మాట: విచారణలో ఉంది. నిజం చెప్పాలంటే ఆ మాట చూసినప్పుడల్లా నాకు కొంచెం హాయిగానే ఉండేది. ఎందుకో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

అక్కడి నుంచి మూడో మజిలీ హిందూపురం. మా స్కూల్లోనే లెక్కలు చెప్పే మేడం గదిలో దిగాను. స్కూలు కాగితం కూడా అక్కడే రావాలి. మా కరస్పాండెంట్ సారుకు నా మీద కోపమేమీ లేదు, అదే చిక్కు. పోయినప్పుడల్లా కూర్చోబెట్టి, టీ తెప్పించి, "నీకు సంతకం పెట్టేకి నాకు చెయ్యి రాదు తల్లీ, టెన్త్ పిల్లల గతేమి?" అనేవాడు. మూడోరోజు నేనే వెళ్లి టెన్త్ పిల్లలకు మిగిలిన పాఠాలన్నీ రెండు పూటలా కూర్చుని చెప్పేస్తే, మూడు రోజుల తర్వాత నిట్టూర్చి సంతకం పెట్టాడు. మూడు కాగితాలు చేతికొచ్చాయి. ఇక పోలీసు కాగితం ఒక్కటే. ఆ రోజు సాయంత్రమే ఫోన్లో మాట మారింది. దరఖాస్తుదారు ఇచ్చిన చిరునామాలో నివసించడం లేదు, అని ఉంది.

వెంటనే నాయనకు ఫోన్ చేశాను. ఆయన మెల్లగా విషయం చెప్పాడు. నేను పెనుకొండలో ఉండగా, నాయన చీరలు ఇచ్చి రావడానికి బజారుకు పోయిన సమయంలో, కానిస్టేబులు ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడట. అవ్వ గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మీ మనవరాలు ఈడనే ఉంటాదా అవ్వా అని అడిగాడట.

"ల్యా నాయనా. పోయిన గురువారమే బయల్దేరిపాయె."

"యాడికి?"

"ఫారిన్‌కు. టీచరుద్యోగం."

కాగితం రాకముందే ఎలా పోయిందా అని ఆయనకు అనుమానమొచ్చి ఎదురింట్లో అడిగాడట. మామ ఊరుకుంటాడా? "అవును సార్, మేమే దగ్గరుండి ఆటో ఎక్కిస్తిమి" అన్నాడట. ఇద్దరూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కానిస్టేబులు కూడా తన డ్యూటీ ప్రకారం విన్నది రాసుకుని పోయాడు. తీరా చూస్తే నేను దేశం వదిలిపోయినట్టు రికార్డు తయారైంది, నేనేమో హిందూపురంలో బట్టలు ఉతుక్కుంటున్నాను. మర్నాడు పొద్దున వియత్నాం నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. ఇక పదకొండు రోజులే ఉన్నాయని, తర్వాత తాము వేరేవాళ్లను తీసుకోక తప్పదని.

అప్పటికే ఐదు రోజుల గడువు దాటిపోయిన సూట్‌కేసును హిందూపురంలోనే వదిలి ధర్మవరం పరిగెత్తాను. నేరుగా పోలీసు స్టేషనుకే పోయి ఆ కానిస్టేబులును పట్టుకుని మొత్తం కథ చెప్పాను. నడివయసు మనిషి, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వకుండా విన్నాడు. "సరేమ్మా. రేపు పదింటికి మీ ఇంటికొస్తా. నువ్వు ఇంట్లో ఉండాల. నేను చూడాల. ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాల. అంతే" అన్నాడు. అంతే అని ఆయన అనుకున్నాడు.

ఆ రాత్రి పెద్దమ్మ ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు పదింటికి ఆయన వచ్చేసరికి నేను మా వీధిలో ఉన్నాను. అవ్వ గడప మీద రెండు చేతులూ చెరోవైపు తలుపుకు ఆనించి నిలబడి ఉంది. అరగంట నుంచి బతిమాలుతున్నాను. నాయన ఒకసారి "వదిలెయ్యమ్మా" అని చూసి, ఫలితం లేదని మగ్గం ఆపేశాడు. మగ్గం ఆగింది కాబట్టి వీధంతా వచ్చింది.

"అవ్వా, పాపను లోపలికి రానీ. ఇంట్లో ఉన్నట్టు నేను చూడాల కదా" అన్నాడు కానిస్టేబులు.

"ఈడనే నిలబడుండాది కదా నాయనా. కనబడల్యా?"

"వీధిలో ఉంటే వీధిలో ఉండాదని రాయాల."

"బయల్దేరిన మనిషిని లోపలికి ఎట్ల రానిచ్చేది? ప్రస్థానం పెట్టినాం."

కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కున్నాడు. "మాది గుడిబండ అవ్వా. నేను ట్రైనింగుకు పోయేటప్పుడు మా యమ్మ కూడా నా పెట్టె పక్కింట్లో పెట్టింది. అయినా మూడు దినాలూ నేను మా ఇంట్లోనే తిన్నా, ఆడనే పండుకున్నా. రావద్దని ఎవరూ అనల్యా."

అవ్వ తలుపు మీద చేతులు ఇంకా గట్టిగా ఆనించింది. తర్వాత నా వైపు చూడకుండా, ఆయనతోనే, కానీ వీధంతటికీ వినపడేటట్టు చెప్పింది. "మీ యమ్మకేం నాయనా, నువ్వు పోయే రకం. ఇది పోయే రకం కాదు. బెంగళూరికి రెండు తూర్లు పంపిస్తిమి. ఒకతూరి పదకొండు దినాలకొచ్చె, ఇంకోతూరి నాలుగు దినాలకే వచ్చె. వచ్చి ఆ మంచం మీద పండుకునిందంటే మళ్లా లేయదు. ఏమిరా అంటే నీళ్లు పడల్యా అంటాది. కాగితాలు ఆలస్యమైతే దీనికి లోపల సంతోషం, నాకు తెల్దా? అందుకే కాగితాలకంటే ముందు దీన్ని బయట పెట్టినా."

ఇంతవరకు ఈ బెంగళూరు సంగతి మీ దగ్గర కూడా దాచాను, క్షమించాలి. దాచుకోవాలనిపించే సంగతే. రెండుసార్లూ మంచి ఉద్యోగాలే. నీళ్లు కూడా బాగానే పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి భయం వేసేది, అంతే, దానికి ఇంకో పేరు లేదు. పెనుకొండలో కాఫీ తాగుతూ "విచారణలో ఉంది" అని చదివి నేను పొందిన హాయి ఏమిటో, నాకే తెలియనిది, ధర్మవరంలో గడప మీద కూర్చుని బియ్యం ఏరుకునే మనిషికి తెలిసిపోయింది. వీధిలో ఎవరో నవ్వారు. ఎదురింటి మామ నేల చూపులు చూశాడు. నాకు చెవులు కాలిపోయాయి. సిగ్గు, కోపం, అవ్వ మీద ఏడుపొచ్చేంత ప్రేమ, మూడూ ఒకేసారి వచ్చాయి.

"చెయ్యి తియ్యవ్వా" అన్నాను. నా గొంతు నాకే క్లాసులో గొంతులా వినపడింది. అవ్వ నా ముఖం చూసింది. ఏం కనిపించిందో, ఒక చెయ్యి దించింది. లోపలికి పోయాను. కానిస్టేబులు నా వెనకే వచ్చి, మగ్గం పక్కన నిలబడి, నన్నూ ఫోటోనూ మార్చి మార్చి చూసి ఫారం ఇచ్చాడు. సంతకం పెట్టాను. ఎదురింటి మామ, పక్కింటి అత్త సాక్షి సంతకాలు పెట్టారు. (మామ ఆటో సంగతి మళ్లీ ఎత్తబోతే నాయన దగ్గాడు.) తర్వాత ఎవరూ చెప్పకుండానే గడప దాటి బయటికొచ్చి, చెప్పులేసుకుని, "లోపలికి పోయినా, బయటికి కూడా వచ్చినా. చూస్తివా?" అన్నాను. అవ్వ, "చూస్తి, చూస్తి" అని చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

పోలీసు కాగితం ఎనిమిది రోజులకు వచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులు మిగిలే ఉన్నాయి. వీసా కూడా వచ్చాక దొరికిన విమానం టిక్కెట్టు మంగళవారం మధ్యాహ్నం, సరిగ్గా రాహుకాలంలో. భయపడుతూ హిందూపురం నుంచి ఫోన్ చేసి చెబితే అవ్వ, "నాకు చెప్పల్యా అనుకో. పో" అని పెట్టేసింది.

అదయి ఆరేళ్లు. ఇక్కడ, వియత్నాం స్కూలు స్టాఫ్ రూములో నాకు ధైర్యస్థురాలినని పేరుంది. ఒంటరిగా అంత దూరం నుంచి వచ్చిందని కొత్తగా చేరిన టీచర్లకు నన్ను చూపిస్తారు, నేను కూడా కాదనను. మీకు చెప్పడానికేం. ఆ రోజు లోపలికి వెళ్లగానే కానిస్టేబులు కుర్చీ నా వైపు జరిపి "కూచోమ్మా" అన్నాడు. కుర్చీ పక్కనే నా మంచం ఉంది, అమ్మ కొత్త దుప్పటి పరిచింది. నేను కూర్చోలేదు. మగ్గం పలక మీద ఫారం పెట్టి, నిలబడే సంతకం చేసి, ఊపిరి బిగపట్టుకుని బయటికొచ్చేశాను. ఒక్క నిమిషం కూర్చుని ఉంటే ఏమయ్యేదో నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. ఆ ఇరవై ఆరేళ్ల పిల్లను తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆ నిమిషం కూర్చోనందుకు మాత్రం దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.